శంకరపట్‌కి తెలుగు కామెంటరీ: మార్టిన్ బ్రండిల్ దగ్గర నేర్చుకోదగ్గవి

మహారాష్ట్రలోని సిరొంచ వైపు శంకరపట్‌లో, అంటే ఎడ్ల పందేల్లో, మైకు పట్టేవాళ్లు బ్రండిల్‌ని ఒకసారి గమనించాలి. ఈయన బ్రిటన్ కారు రేసు డ్రైవర్, తర్వాత టీవీ కామెంటేటర్. ఫార్ములా వన్‌లో 158 రేసులు, ఒక్క గెలుపూ లేదు. అయినా జాగ్వార్ కార్లతో 1988లో ప్రపంచ స్పోర్ట్స్‌కార్ టైటిల్, 1990లో లెమాన్స్ 24 గంటల రేసు కొట్టాడు. 1997లో బ్రిటన్ టీవీ ఛానల్ ఐటీవీలో కామెంటేటర్ ముర్రే వాకర్ పక్కన కూర్చున్నాడు. జరిగేది వాకర్ చెబితే, ఎందుకు జరిగిందో ఈయన చెప్పేవాడు.

మీరూ ఇద్దరుండండి. ఒకరు పరుగు చెప్పాలి, రెండోవారు కారణం: జోడీ ఎందుకు పక్కకి లాగింది, ఏ ఎద్దు వెనకబడింది. యజమాని, ఊరు, తోలేవాడి పేరు పరుగుల వరుసలో ముందురోజే రాసుకోండి. పరుగు సెకన్లలో అయిపోతుంది, కాగితాలు తిప్పే టైముండదు.

బ్రండిల్ గ్రిడ్ వాక్, అంటే రేసు మొదలయ్యే ముందు వరుసలో నిలిచిన కార్ల మధ్య మైకుతో తిరుగుతూ ప్రశ్నలడగడం, మన దగ్గరా పనికొస్తుంది. యజమానికి ఒక్కటే ప్రశ్న, మైకు మీ చేతిలోనే. ఇచ్చారా, ఇక తిరిగి రాదు! కాడి కట్టాక మాత్రం దగ్గరికి పోవద్దు.

లౌడ్‌స్పీకర్ హారన్లు జనం వైపు తిప్పండి, ఎద్దుల వైపుంటే అవి బెదురుతాయి. మీరు హారన్ల వెనకే నిలబడాలి. ముందుకొస్తే మైకు కూత పెడుతుంది. మైకు మూతికి రెండు వేళ్ల దూరంలో, కాస్త ఏటవాలుగా. టైము మరాఠీలోనూ చెప్పండి.