జామ తొక్కలతో జెల్లీ: పొయ్యి వెలిగించే ముందు

జామ తొక్కలు, గింజల గుజ్జు బూజు మచ్చ గానీ పులిసిన వాసన గానీ లేకుండా ఉంటేనే వాడాలి. కొరికి వదిలేసిన ముక్కలు చేర్చకూడదు. జెల్లీని గట్టిపరిచే పెక్టిన్ దోరకాయల్లో ఎక్కువ కాబట్టి, బాగా పండినవాటి తొక్కలే మిగిలితే రెండు దోరకాయలు కోసి కలపడం మేలు.

పులుపు అల్యూమినియంతో చర్య జరుపుతుంది కనుక లోతైన స్టీలు గిన్నెనే ఎంచుకోవాలి. సీసాలను 10 నిమిషాలు నీటిలో మరిగించి ఉంచుకోవాలి.

ఉడికిన ముక్కలను గుడ్డలో మూటకట్టి, రసం దానంతటదే కారేలా రాత్రంతా వేలాడదీసే చోటు ముందే చూసుకోవాలి. తొందరపడి పిండితే జెల్లీ మసకబారుతుంది, అంత ఓపిక లేనివారు జామ్ చేసుకోవడమే నయం. పాకం పరీక్షకు ఒక పింగాణీ పళ్ళెం ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి: దానిపై వేసిన చుక్క చల్లారాక వేలితో నెడితే ముడత పడాలి. మరిగే పాకం సుమారు 105 డిగ్రీలకు చేరుతుంది గనుక పిల్లలను పొయ్యి దగ్గరకు రానివ్వకూడదు.