చౌడుమిద్దెను ఎండాకాలంలో చల్లగా ఉంచుకోవడం ఎలా

అనంతపురం, కర్నూలు వైపు పల్లెల్లో మీకు తాతల నాటి చౌడుమిద్దె, అంటే మట్టి కప్పు మీద చౌడు పరిచిన ఇల్లు ఉంటే, పడగొట్టి స్లాబు వేసే ముందు ఒక్క వేసవి దాన్ని సరిగ్గా వాడి చూడండి. మా ఇంటి గోడలు రాయీ మట్టీ కలిపి కట్టినవి, రెండడుగుల మందం. మధ్యాహ్నపు ఎండ అంత మందం దాటి లోపలికి దిగేసరికి రాత్రవుతుంది. అప్పటికి బయట చల్లబడి ఉంటుంది కాబట్టి ఆ వేడిని బయటికి పంపేయొచ్చు. ఉక్కపోత ఉండే కోస్తా ఊళ్లలో రాత్రులు ఇంతగా చల్లబడవు, అక్కడ ఈ పద్ధతి అంతగా పనిచేయదు.

ముందు పైకప్పు చూసుకోండి. దూలాల మీద దంతెలు (అడ్డంగా పరిచే సన్న వాసాలు), ఆపైన కట్టెలు, గడ్డి, మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. చౌడు ఉప్పుమన్ను. తడిస్తే మెత్తగా విడిపోయి సందుల్లో కూరుకుంటుంది, నీళ్లు దిగనివ్వదు. మంచిదో కాదో తెలియాలంటే ఎండిన పెళ్లను గ్లాసు నీళ్లలో వేసి, కదపకుండా వదిలేయండి. చుట్టూ పాలలా కమ్ముకుని, ఎంతసేపటికీ నీళ్లు తేటపడకపోతే అది పనికొచ్చే చౌడు.

ఏటా తొలకరికి ముందే ఈ పని కావాలి. మిద్దె మీద మొలిచిన గడ్డిని వేళ్లతో సహా పీకండి. వేరు కుళ్లిన చోట బొక్క పడి, సరిగ్గా అక్కడే కారుతుంది. వదులైన పాత పొర గీకేసి, నీళ్లు పోయే వైపు వాలు సరిచేసి, కొత్త చౌడు పలుచగా పరవండి. ఏటికేడు మందం పెంచుకుంటూ పోతే దూలాలు మోయలేవు. సిమెంటు పూయమని మేస్త్రీలు చెబుతారు, దయచేసి ఒప్పుకోకండి. కింద మట్టి కదిలితే పైన సిమెంటు చీలుతుంది. ఆ చీలికలో దిగిన తడి ఆరదు, దూలం పుచ్చిపోతుంది.

ఇక రోజువారీ పని. పొద్దు గూకి బయట గాలి చల్లబడగానే గవాచి (పైకప్పులో గాలి, వెలుతురు కోసం వదిలిన కంత) మూత తీసి, తలుపులన్నీ తెరవండి. వేడిగాలి పైనుంచి పోతుంది, కింద చల్లగాలి వస్తుంది. ఉదయం ఎనిమిది లోపు అన్నీ మూసేయాలి. ఇక్కడే చాలామంది తప్పుతారు. గాలాడట్లేదని పదకొండింటికి తలుపు తీస్తే రాత్రి దాచిన చల్లదనమంతా పోతుంది. మా అమ్మ ఈ విషయంలో ఎవరి మాటా వినదు, ఆమే కరెక్ట్.

వడగాలి కొట్టే రోజుల్లో మాత్రం పగలు పడమటి కిటికీకి తడి గోనెపట్టా కట్టి, ఎదురుగా ఒక తలుపు ఓరగా తీసి ఉంచండి. తడిగాలి బయటికి పోయే దారి లేకపోతే లోపల ఉక్క మొదలవుతుంది.