అమ్మను వీడియోలో డాక్టరుకు చూపించేటప్పుడు

2020లో కోవిడ్ భయంతో అమ్మను మొదటిసారి వీడియో కాల్‌లో డాక్టరుకు చూపించాను. "చెయ్యి పట్టి చూడకుండా ఏం వైద్యమే?" అంది అమ్మ. ఆ మాటలో నిజముంది. చేత్తో చూడలేని డాక్టరుకు వివరాలు మనమే అందించాలి. జ్వరం ఎప్పటినుంచో, వాడే మందులేవో, పడనివేవో ముందే కాగితం మీద రాసుకోండి.

రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సిమీటరు దగ్గర తొందరపడకండి. గోళ్లరంగు తుడిచి, 5 నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, చెయ్యి వెచ్చబడ్డాకే వేలికి పెట్టండి. అంకె నిలకడగా ఉన్నాకే రాసుకోండి. అమ్మ వేళ్లు చల్లగా ఉన్నప్పుడు పెట్టేసరికి బాగా తక్కువ చూపించి నా గుండె జారిపోయింది.

వెలుతురు మొహం మీద పడాలి. పెద్దవాళ్లనే మాట్లాడనివ్వండి, ఆయాసం మాటలోనే తెలుస్తుంది. వాక్యం పూర్తిచేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, ఛాతీ నొప్పి తగ్గకపోయినా కాల్ కోసం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.