ఇంట్లో రబ్బరు తూటాలు: కొనేముందు చూసుకోవలసినవి

అమెరికాలో కొత్తగా ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల్లో దొంగల మాట వచ్చినప్పుడు ఒక ఆలోచన వినిపిస్తూ ఉంటుంది. షాట్‌గన్ (ఒకేసారి అనేక గుళ్లు వెదజల్లగల తుపాకీ) ఒకటి కొని, అందులో సీసపు గుళ్లకు బదులు రబ్బరు తూటాలు పెట్టుకుంటే దొంగ దెబ్బ తిని పారిపోతాడు, మనిషిని చంపిన పాపం మన చేతికి అంటదు అన్నది ఆ ఆలోచన. దాని వెనుక ఉన్న మంచితనాన్ని తప్పుపట్టలేము. అయితే నాలుగు గోడల మధ్య ఆ లెక్క అలా నడవదు. ‘రబ్బరే కదా’ అనే ధీమాతో, కాల్చకూడని చోట, కాల్చకూడని మనిషి మీద ట్రిగ్గర్ నొక్కడమే ఈ తూటాతో వచ్చే అన్నిటికంటే పెద్ద ప్రమాదం.

తుపాకీ సంగతికి ముందు వీసా సంగతి చూసుకోవాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద వచ్చినవారు తుపాకీని గాని, తూటాలను గాని దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. తుపాకీ కోసం తయారైన తొడుగు, ప్రైమర్ (మందును అంటించే భాగం), తుపాకీ మందు కూడా ఆ చట్టం దృష్టిలో తూటా కిందికే వస్తాయి కాబట్టి, ముందు ఉన్నది రబ్బరు అన్న వాదనకు అక్కడ చోటు లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు గాని, భార్యాభర్తల్లో ఒకరికి గ్రీన్‌కార్డు వచ్చి మరొకరు ఇంకా హెచ్-1బి మీదే ఉంటే, తుపాకీ పెట్టె తాళంచెవి ఎవరికి అందుబాటులో ఉంది అన్నది కూడా ప్రశ్న అవుతుంది. ఈ విషయంలో దుకాణదారు మాటను గాక లాయరు మాటను వినాలి. భారతదేశంలోనూ 1959 నాటి ఆయుధాల చట్టం కింద ఏ తుపాకీకి చెందిన తూటా అయినా తూటాయే కనుక, సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు సూట్‌కేసు అడుగున ఒక్కటైనా మిగిలిపోలేదని చూసుకోవడం మంచిది.

ఇక తూటా లోపల ఏముందో చూద్దాం. 12 గేజ్ అనే కొలత షాట్‌గన్ గొట్టం లోపలి వ్యాసం దాదాపు 18.5 మిల్లీమీటర్లు. అందులో పట్టే రబ్బరు తూటాకూ మామూలు తూటాకు ఉన్నట్టే ప్రైమర్, మందు ఉంటాయి. మందు మోతాదు తగ్గుతుంది, సీసం స్థానంలో కొన్ని రబ్బరు గుళ్లో, ఒకే పెద్ద రబ్బరు ముద్దో ఉంటుంది, అంతే తేడా. మొదట ఇటువంటివి పోలీసుల అవసరం కోసం రూపొందాయి. పోలీసు అధికారి వీటిని కొంత దూరం నుంచి, తొడల వంటి కండ ఉన్న భాగాలకు గురిపెట్టి, పక్కన మరో అధికారి అసలు తూటాలతో కాపు కాస్తుండగా వాడతాడు. అర్ధరాత్రి నిద్రలోంచి లేచిన గృహస్థుకు ఆ దూరం ఉండదు, ఆ వెలుతురు ఉండదు, ఆ పక్క మనిషీ ఉండడు.

దూరం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇలాంటి తూటాలకు తయారీదారులు కనీస దూరం ఒకటి సూచిస్తారు. అంతకంటే దగ్గరగా కాలిస్తే ప్రాణం పోవచ్చని వారే హెచ్చరిస్తారు. సాధారణమైన పడకగది ఒక గోడ నుంచి ఎదుటి గోడకు పదిహేను అడుగులు ఉంటే ఎక్కువ. అంత దగ్గరలో రబ్బరు గుళ్లు విడివడి వెదజల్లుకోవడానికి వ్యవధి దొరకదు, దాదాపు అరచేయంత చోటులోనే అన్నీ తగులుతాయి. షాట్‌గన్‌కు గురి అవసరం లేదన్న ప్రచారం ఇక్కడే తేలిపోతుంది. కన్నుకు తగిలితే కన్ను పోతుంది, గొంతుకో కణతకో తగిలితే మనిషే పోవచ్చు. మరీ దగ్గరైతే మందుకూ గుళ్లకూ మధ్య ఉండే వాడ్ అనే ప్లాస్టిక్ బిరడా కూడా చర్మాన్ని చీల్చి లోపలికి దిగగలదు. పోనీ దూరం పెరిగితే నయమా అంటే, రబ్బరు తేలిక కావడంతో వేగం త్వరగా పడిపోతుంది. దళసరి జాకెట్టు వేసుకున్నవాడు, మత్తులో ఉన్నవాడు ఆ దెబ్బకు ఆగకపోగా రెచ్చిపోయి మీదికి రావచ్చు. అంటే దగ్గరగా ఉంటే చంపగలదు, దూరంగా ఉంటే ఆపలేదు. మధ్యలో ఉన్న సన్నని దూరాన్ని చీకట్లో కొలిచి కాల్చడం ఎవరి తరం?

ఈ మాటలు ఊహించి చెబుతున్నవి కావు. ఉత్తర ఐర్లాండ్‌లో బ్రిటిష్ సైన్యం 1970లో రబ్బరు తూటాలను, కొన్నేళ్ల తర్వాత ప్లాస్టిక్ తూటాలను వాడుకలోకి తెచ్చింది. రెండింటి వల్ల కలిపి అక్కడ 17 మంది మరణించారు, వారిలో పిల్లలూ ఉన్నారు. అవి షాట్‌గన్ తూటాల కంటే చాలా పెద్దవన్నది నిజమే గాని, ప్రాణహాని లేని ఆయుధం అన్న పేరు మాత్రం అక్కడా అబద్ధమే అయింది. గుంపులను చెదరగొట్టేందుకు వాడిన ఇటువంటి తూటాల గాయాలపై వివిధ దేశాల వైద్య నివేదికలను సమీక్షించిన వ్యాసం ఒకటి 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో వెలువడింది. అందులో లెక్కకు వచ్చిన 1984 మంది క్షతగాత్రుల్లో 53 మంది చనిపోయారు, 300 మంది శాశ్వత వైకల్యానికి గురయ్యారు. మరణాల్లో దాదాపు సగానికి తల, మెడలకు తగిలిన దెబ్బలే కారణం. అవన్నీ చాలావరకు ఆరుబయట తగిలిన దెబ్బలని గుర్తుంచుకోవాలి.

ఇంటి నిర్మాణం మరో చిక్కు. ఇటుక గోడల ఇళ్లలో పెరిగిన మనకు గోడ అంటే అడ్డు అనే నమ్మకం ఉంటుంది. అమెరికా ఇళ్లలో లోపలి గోడ అంటే చెక్క నిలువుకమ్మీలకు రెండువైపులా కొట్టిన అరంగుళం మందం జిప్సం పలకలు. రబ్బరు గుళ్లను అవి ఆపుతాయన్న భరోసాతో పిల్లల గది వైపు తుపాకీ తిప్పకూడదు. మరోపక్క టైల్స్ నేల, గ్రానైట్ గట్టు, కాంక్రీటు వంటి గట్టి తలాలకు తగిలితే రబ్బరు సీసంలా నలిగిపోకుండా ఎగిరి వస్తుంది, ఎటు వస్తుందో కాల్చినవారికి తెలియదు. కాల్చినవారి కళ్లకే అది తగలవచ్చు. శబ్దం కూడా తక్కువేమీ కాదు. మూసిన గదిలో తుపాకీ పేలితే చెవులు దిమ్మెక్కి, మెట్ల మీద నుంచి కూతురు ‘నాన్నా, నేనే’ అని అరిచినా వినపడకపోవచ్చు.

కొందరు ఇచ్చే ఒక సలహాను ప్రత్యేకంగా తిరస్కరించవలసి ఉంది. మొదటి తూటా రబ్బరుది, తర్వాతవి సీసానివి వరుసగా పేర్చుకోవాలన్నది ఆ సలహా. భయంలో ఎన్ని కాల్చామో లెక్క తప్పుతుంది, ఏది ఎక్కడుందో మరచిపోతాం. శిక్షణ పొందినవారే ఇక్కడ పొరబడ్డారు. 2011లో ఆరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో ఒక పోలీసు అధికారి బీన్‌బ్యాగ్ తూటాలకు (గుళ్లు నింపిన చిన్న గుడ్డ సంచిని విసిరేవి) కేటాయించిన షాట్‌గన్‌లో పొరపాటున అసలు తూటాలు నింపి కాల్చడంతో ఒక వ్యక్తి తీవ్రంగా గాయపడ్డాడు. అనేక పోలీసు విభాగాలు ఇటువంటి తుపాకులకు నారింజ రంగు పిడి వేసి వేరుగా ఉంచేది ఈ పొరపాటు జరగకూడదనే. పైగా మందు తక్కువ కావడం వల్ల చాలా సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌లు రబ్బరు తూటా తర్వాత రెండో తూటాను తమంతట ఎక్కించుకోలేక ఇరుక్కుంటాయి. పేలిన చప్పుడు మరీ నీరసంగా వస్తే గొట్టంలో ఏదో నిలిచిపోయి ఉండవచ్చు, ఆ స్థితిలో మరో తూటా కాలిస్తే గొట్టమే పగలవచ్చు.

చట్టం ముందు రబ్బరుకు రాయితీ ఉంటుందని ఆశపడకూడదు. టెక్సస్ శిక్షాస్మృతి ప్రాణాంతక బలాన్ని నిర్వచిస్తూ, వాడిన తీరును బట్టి మరణాన్ని గాని తీవ్రమైన శారీరక హానిని గాని కలిగించగల బలమంతా అందులోకి వస్తుందని చెబుతుంది. కాబట్టి ప్రాణాపాయం లేని పరిస్థితిలో, కేవలం బెదిరించడానికి రబ్బరు తూటా కాల్చామంటే అది రక్షణ కాకపోగా నేరమే కావచ్చు. ‘చంపేంత అవసరం లేదనుకుని రబ్బరు వాడాను’ అని పోలీసులకు చెప్పిన మాటనే ప్రాసిక్యూటరు మనకు ఎదురు తిప్పగలడు. రాష్ట్రానికొక తీరుగా చట్టాలు ఉంటాయి, మీ రాష్ట్రం సంగతి ముందే తెలుసుకోండి.

మరి ఏం చేయాలి? తుపాకీకి పెట్టే డబ్బులో కొద్ది భాగంతో ముందు తలుపు సంగతి చూడండి. గడియ దిగే చోట ఉన్న రేకును తీసి, దళసరి రేకును మూడంగుళాల స్క్రూలతో చట్రం వెనుక కమ్మీలోకి దిగేలా బిగిస్తే తలుపును ఒక్క తన్నుతో తెరవడం కష్టమవుతుంది. బయట కదలికను పసిగట్టి వెలిగే దీపాలు, ఒక అలారం పెట్టుకోండి. అందరూ చేరి గడియ వేసుకోవడానికి ఒక గదిని ఎంచుకుని, అందులో ఛార్జింగులో ఉన్న ఫోను ఉంచి, 911కు ఎవరు ఫోను చేయాలో, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మను ఎవరు తీసుకురావాలో ముందే అనుకోండి. మిరియపు స్ప్రే పెట్టుకోదలిస్తే గాలిలో వ్యాపించే రకం కంటే జెల్ రకం గదుల్లో మేలు.

ఇంత చెప్పినా షాట్‌గన్ ఉంచుకోవాలని నిశ్చయించుకున్నవారు దానిని తాళం వేసిన పెట్టెలో పెట్టి, రబ్బరు తూటాలను ఇంట్లోకే రానీయకుండా ఉండటం మేలు. సాధన కోసం తెచ్చుకుంటే ఆ పెట్టెను అసలు తూటాలకు దూరంగా, పేరు రాసి ఉంచాలి. రక్షణ కళ్లద్దాలు లేకుండా కాల్చకూడదు, ఇనుప పలకల మీద అసలే కాల్చకూడదు.

ఎవరికైనా రబ్బరు తూటా తగిలితే, చర్మం చిట్లకపోయినా లోపల కాలేయమో ప్లీహమో చిరిగి రక్తస్రావం కావచ్చు కనుక, వాపు చూసి ఊరుకోకుండా వెంటనే 911కు ఫోను చేయాలి. కంటికి తగిలితే నలపడం, కడగడం, ఒత్తి కట్టు కట్టడం చేయకుండా, కాగితపు కప్పు వంటిది కంటికి ఆనకుండా పైన బోర్లించి అంబులెన్సు వచ్చేదాకా అలాగే ఉంచాలి. పోలీసులు లోపలికి వచ్చే సమయానికి తుపాకీ మీ చేతిలో ఉండకూడదు.