పర్యావరణ అధ్యయనం, సొంతంగా – 3వ పాఠం: అంకె పక్కన యూనిట్

గత పాఠంలో ఒకే సరస్సు మీద రసాయనశాస్త్రం, చట్టం, అర్థశాస్త్రం రాసిన మూడు వ్యాసాలను పక్కపక్కన పెట్టి చదివాం. మూడింటిలోనూ అంకెలున్నాయి. అవి ఒకదానితో ఒకటి పొసగకపోతే, చాలా ఏళ్ల తర్వాత పుస్తకం పట్టినవాళ్లు ‘నాకు లెక్కలు రావు’ అని పక్కన పెట్టేస్తారు. ఇక్కడ కావలసింది గుణకారం, భాగహారం మాత్రమే. తడబాటంతా యూనిట్ల దగ్గరే. ఈ పాఠానికి నలభై నిమిషాలు, ఒక కాలిక్యులేటర్, గళ్ల నోటుపుస్తకం చాలు.

ముందు నైట్రేట్ సంగతి. తాగునీటిలో నైట్రేట్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మార్గదర్శక విలువ లీటరుకు 50 మి.గ్రా. అమెరికా పరిమితి 10. అమెరికా నియమం ఐదు రెట్లు కఠినం అని రాశారా, తప్పులో కాలేసినట్టే. 50 అన్నది నైట్రేట్ అయాన్ (ఒక నత్రజని, మూడు ఆక్సిజన్ పరమాణువులు కలిసిన విద్యుదావేశ కణం) మొత్తం తూకం. పరమాణు తూకాల్లో చూస్తే నత్రజని 14, మూడు ఆక్సిజన్లు 48, కలిపి 62. 10 అన్నది అందులోని నత్రజని ఒక్కదాని తూకం. 50ని 14తో గుణించి 62తో భాగించండి: 11.3. అంటే రెండు నియమాల మధ్య తేడా కొంచెమే. ఫాస్ఫేట్‌కూ ఇదే తంతు: మొత్తం 95, అందులో భాస్వరం 31. అందుకే నోట్సులో ‘మి.గ్రా./లీ.’ అని రాసి ఊరుకోకండి. ‘నత్రజనిగా’, ‘నైట్రేట్‌గా’ అన్న మాట కూడా పక్కన పడాలి. పట్టికలో ఆ మాట కనబడకపోతే కింది గమనికలోనో, పద్ధతుల విభాగంలోనో ఉంటుంది, వెతకండి. అక్కడా లేకపోతే ఆ అంకెను దేనితోనూ పోల్చకండి.

ఇక రెండో మెట్టు: గాఢత నుంచి భారం. గాఢత అంటే లీటరు నీటిలో ఎంత ఉందో, భారం అంటే రోజుకు ఎంత వచ్చి పడుతోందో. లీటరుకు 1 మి.గ్రా. అన్నా, ఘనపు మీటరుకు 1 గ్రాము అన్నా ఒకటే. రోజుకు 86,400 సెకన్లు. కాబట్టి గాఢతను సెకనుకు ఘనపు మీటర్లలో ఉన్న ప్రవాహంతో గుణించి, మళ్లీ 86.4తో గుణిస్తే రోజుకు కిలోలు వస్తాయి. భాస్వరం 0.08 మి.గ్రా./లీ., ప్రవాహం 2.5 అనుకోండి: రోజుకు 17.28 కిలోలు.

ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది, సగటులను గుణించడం. పొడి రోజున గాఢత 0.05, ప్రవాహం 1: భారం 4.32 కిలోలు. వాన రోజున 0.25, 9: 194.4 కిలోలు. రోజుకు సగటు 99.36. అదే సగటు గాఢత 0.15ను సగటు ప్రవాహం 5తో, మళ్లీ 86.4తో గుణిస్తే 64.8 వస్తుంది. మూడో వంతుకు పైగా మాయం! వానకు మట్టితో పాటు భాస్వరమూ కొట్టుకొచ్చి, గాఢతా ప్రవాహమూ కలిసి పెరిగినప్పుడు ఇలా అవుతుంది. ఏ రోజు భారం ఆ రోజే కట్టి, తర్వాతే కూడాలి.

(భాస్వరాన్నే ఎందుకు పట్టుకున్నామంటే, 1973లో కెనడాలో 226వ నంబరు సరస్సును తెరతో రెండుగా విడదీసి, రెండు వైపులా కార్బన్, నత్రజని వేశారు, భాస్వరం మాత్రం ఒక్క వైపే. నాచు విరగబడి పెరిగింది ఆ వైపే.)

ఇప్పుడు చట్టం వ్యాసం మళ్లీ తీయండి. నియమం గాఢత మీదా, భారం మీదా? గాఢత మీదే అయితే, వ్యర్థజలంలో రెట్టింపు మంచినీళ్లు కలిపి పరీక్ష గట్టెక్కొచ్చు. సరస్సులో పడే కిలోలు మాత్రం ఒక్క గ్రాము తగ్గవు. అర్థశాస్త్రం వ్యాసంలో ‘కిలో తొలగించడానికి ఖర్చు’ అని ఉంటే అది భారం భాష. ఈ రెండు వ్యాసాలూ వాదించుకుంటున్నట్టు కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

అభ్యాసం: ఒక శుద్ధి కేంద్రం సెకనుకు 0.02 ఘనపు మీటర్ల నీరు వదులుతోంది. అందులో ఫాస్ఫేట్, ఫాస్ఫేట్‌గానే, లీటరుకు 3 మి.గ్రా. రోజుకు ఎన్ని కిలోల భాస్వరం?

జవాబు 1.69. మీకు 5.18 వచ్చిందంటే 31/95తో గుణించడం మరిచారు. 15.9 వస్తే ఆ భిన్నాన్ని తలకిందులు చేశారు. 1,690 వస్తే అది గ్రాముల్లో ఉంది.