తిలాపియా చేపపిల్లల్ని చెరువులో వదిలే ముందు

హైదరాబాద్ శివార్లలో కొత్తగా తిలాపియా వేస్తున్నవాళ్లు డబ్బు కట్టే ముందే ఇవి చూసుకోండి.

– అనుమతి ఉన్న హ్యాచరీ (చేపపిల్లల్ని పుట్టించి అమ్మే కేంద్రం) నుంచే పిల్లల్ని తీసుకోండి. తిలాపియాలను చంపే ‘తిలాపియా లేక్ వైరస్’ వాటిలో లేదని ఆర్టీ-పీసీఆర్ పరీక్ష రిపోర్టు అడగండి. మొహమాటం వద్దు. 2018లో మన దేశంలోనూ ఈ వైరస్ ఉన్నట్టు నివేదికలు వచ్చాయి. దీనికి మందు లేదు, యాంటీబయాటిక్స్ వైరస్‌పై పనిచేయవు. అందుకే నా పట్టంతా ఈ రిపోర్టు మీదే.

– వలలు, బకెట్లు బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండబెట్టండి. రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్లొచ్చిన ట్రేలను చెరువు దగ్గరకే రానివ్వకండి.

– కొత్త పిల్లల్ని రెండు మూడు వారాలు వేరే తొట్టెలో ఉంచండి. కళ్లు మసకబారినా, చర్మంపై పుండ్లు కనిపించినా, మేత మానేసినా చెరువులో వదలకండి. బాగానే కనిపించే చేపలోనూ వైరస్ ఉండొచ్చు.

– పిల్లలతో పాటు ప్యాకెట్‌లో వచ్చిన నీళ్లు చెరువులో పోయొద్దు.

– చనిపోయిన వాటిని సున్నం చల్లి, నీటికి దూరంగా పూడ్చండి. ఒక్కసారిగా చావులు పెరిగితే అమ్మకాలు ఆపి, వెంటనే జిల్లా మత్స్యశాఖకు చెప్పండి. ఆ చెరువు నీళ్లు మాత్రం పక్క రైతు చెరువులోకి వదలకండి.