పాత ఎస్‌సీఓ యూనిక్స్‌కి డయలప్ మోడెమ్ ఎలా కలపాలి?

1990ల్లో మన బ్యాంకు శాఖల్లో నడిచిన ఎస్‌సీఓ యూనిక్స్ (ఒక ఆపరేటింగ్ సిస్టమ్) మిషన్ ఇంకా ఎక్కడైనా ఉంటే, దానికి ఎక్స్‌టర్నల్ మోడెమ్ తగిలించి ఫోన్ లైన్ మీద లాగిన్ అవ్వొచ్చు. పేచీ అంతా రెండు సిగ్నల్స్ దగ్గరే. డీటీఆర్ అంటే కంప్యూటర్ సిద్ధంగా ఉందని మోడెమ్‌కి తెలిపేది. డీసీడీ అంటే అవతలి మోడెమ్ లైన్లో ఉందని కంప్యూటర్‌కి తెలిపేది.

1. కేబుల్. టెర్మినల్‌కి వాడే మూడు వైర్ల కేబుల్ పనికిరాదు, రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే నల్ మోడెమ్ కేబుల్ అసలే వద్దు. అన్ని పిన్నులూ నేరుగా కలిసిన మోడెమ్ కేబుల్ కావాలి. స్పీడు సెకనుకి 9600 బిట్లు దాటాలంటే సీరియల్ పోర్టులో 16 బైట్ల బఫర్ ఉన్న 16550ఏ చిప్ ఉంటే మంచిది.

2. పోర్టు పేరు. కామ్1 పోర్టుకి (మొదటి సీరియల్ పోర్టు) ఇక్కడ రెండు పేర్లు. టీటీవై1 పక్కన చిన్నబడి 'ఏ' (a) ఉంటే డీసీడీని పట్టించుకోదు. పెద్దబడి 'ఏ' (A) ఉంటే డీసీడీ వచ్చేదాకా ఆగుతుంది. సెట్టింగులకి చిన్నది, లాగిన్‌కి పెద్దది. ముందు డిసేబుల్ కమాండ్‌తో పెద్ద దాని లాగిన్ ఆపండి.

3. మోడెమ్ సెట్టింగులు. యూయూసీపీ (యూనిక్స్ మిషన్ల మధ్య ఫైళ్లు పంపే వ్యవస్థ) డివైసెస్ ఫైల్లో చిన్న 'ఏ' పోర్టుకి డైరెక్ట్ లైన్ ఉందో లేదో చూసుకుని, సీయూతో (పోర్టుతో నేరుగా మాట్లాడే ప్రోగ్రామ్) పోర్టు తెరిచి ఏటీ (మోడెమ్ కమాండ్ల మొదటి అక్షరాలు) కొట్టండి. ఓకే రాకపోతే కేబులో స్పీడో తేడా. వస్తే ఏటీ&ఎఫ్‌తో ఫ్యాక్టరీ స్థితికి తెచ్చి, &సీ1, &డీ2, ఎస్0=1 పెట్టండి (వరుసగా: అవతలి మోడెమ్ లైన్లో ఉంటేనే డీసీడీ ఆన్, డీటీఆర్ పోతే లైన్ కట్, మొదటి రింగుకే ఫోన్ ఎత్తడం). హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్‌కి (బఫర్ నిండితే వైరు సిగ్నల్‌తో అవతలివాళ్లని ఆపడం) రాక్‌వెల్ చిప్ అయితే &కే3, యూఎస్ రోబోటిక్స్ అయితే &హెచ్1, &ఆర్2.

చివరగా, ఎకో (కొట్టినది తిప్పి పంపడం), ఓకే లాంటి జవాబులు ఆపేసి సెట్టింగులు దాచడానికి, ఒకే లైన్లో ఏటీఈ0క్యూ1&డబ్ల్యూ. ఆ తర్వాత ఏం కొట్టినా స్క్రీన్ మీద కనపడదు, ఓకే కూడా రాదు. టెన్షన్ పడకండి, మనం కోరిందే అది. ఎకో ఆన్‌లో ఉండి, డీసీడీ కూడా ఎప్పుడూ ఆన్‌లోనే ఉందనుకోండి: గెట్టీ (లాగిన్ అడిగే ప్రోగ్రామ్) 'లాగిన్' అని పంపుతుంది, మోడెమ్ దాన్నే తిప్పి పంపుతుంది, గెట్టీ అదే యూజర్ పేరనుకుని పాస్‌వర్డ్ అడుగుతుంది, అదీ తిరిగొస్తుంది. ఇద్దరూ తెల్లవార్లూ ఇలా వాదించుకుంటూనే ఉంటారు, మిషన్ నత్తనడక నడుస్తుంది.

4. లాగిన్. టిల్డ్, చుక్క కొట్టి సీయూలోంచి బయటికి రండి. ఇనిట్‌ట్యాబ్‌లో (ఏ పోర్టు మీద గెట్టీ నడవాలో చెప్పే ఫైల్) ఒకే స్పీడుకి కట్టుబడే గెట్టీడెఫ్స్ (లైన్ స్పీడుల పట్టిక) లేబుల్ పెట్టి, పెద్ద 'ఏ' పోర్టుని ఎనేబుల్ చేయండి. కెర్నల్ (సిస్టమ్ మూల ప్రోగ్రామ్) రీలింక్ చేస్తే, అంటే మళ్లీ కూర్చితే, ఇనిట్‌ట్యాబ్ మళ్లీ తయారవుతుంది కాబట్టి, ఇనిట్.డి డైరెక్టరీలోని ఎస్ఐఓ ఫైల్లోనూ అదే మార్పు రాయాలి.

5. పరీక్ష. బయటి నుంచి లాగిన్ అయి, లాగౌట్ కాకుండానే ఫోన్ వైరు పీకేయండి. కాసేపాగి కన్సోల్‌లో 'హూ' (who, ఎవరెవరు లాగిన్ అయ్యారో చూపే కమాండ్) కొడితే ఆ పేరు ఉండకూడదు. ఉందంటే, తర్వాత ఫోన్ చేసినవాడికి మీ షెల్ పాస్‌వర్డ్ లేకుండా దొరుకుతుంది. రూట్‌గా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. &సీ1, డీసీడీ వైరు మళ్లీ చూడండి. అలాగే మామూలుగా లాగౌట్ అయినా లైన్ కట్ కాకపోతే లోపం &డీ2లోనో డీటీఆర్ వైరులోనో ఉంటుంది.

ఆఫీసు ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్ ఎక్స్ఛేంజీ) డయల్ టోన్‌ని మోడెమ్ గుర్తుపట్టకపోతే టోన్ కోసం ఆగకుండా డయల్ చేయించే ఏటీఎక్స్3 వాడండి. ఇదే మోడెమ్‌తో బయటికి కూడా డయల్ చేయాలంటే, డయలర్ స్క్రిప్ట్ మొదట జవాబులు మళ్లీ ఇమ్మనే ఏటీక్యూ0 పంపాలి. లేదంటే కాల్ కలిసిందో లేదో దానికి తెలియదు.